కోపము వచ్చునా, తెచ్చుకొందుమా?

మన భాషలో భావములను గూర్చి మాటాడు తీరు విచారింపదగినది. "నేను కోపించితిని" అని పుస్తకములలో వ్రాయుదుము గాని, ఇంటిలో "నాకు కోపము వచ్చినది" అనియే చెప్పుదుము. జ్వరము వచ్చినది, తుమ్ము వచ్చినది, వాన వచ్చినది, కోపము వచ్చినది. అన్నిటికిని ఒకటే కట్టు. వచ్చినది వేరొకటి, మనము దానికి బస యిచ్చినవారము మాత్రమే. పిలువని చుట్టము వచ్చి కూర్చున్నచో గృహస్థునిదేమి తప్పు?

ఇది వ్యాకరణముతో ముగియు విషయమైనచో మేమీ వ్యాసమునకు పూనుకొని యుండము. భార్యపై చేయి చేసికొనిన భర్తయు, పనిపిల్ల వీపుపై అట్లకాడ విసరిన గృహిణియు, కొడుకును వాతలు తేలునట్లు బాదిన తండ్రియు మరునాడు చెప్పు సమాధానమిదియే: "ఏమి చేయుదును, కోపము వచ్చినది." విన్నవారును తల యూపుదురు. దెబ్బ తిన్నవారే "ఆయనకు కోపమెక్కువ గాని మనసు మంచిది" అని సమర్థించుటయు మనమెరిగినదే. కావున కోపమనగానేమి, అందు దేహము పాలెంత, తలపు పాలెంత యను ప్రశ్న పండితుల వినోదమునకు మాత్రమే చెందినది కాదు. ఇంటింటి న్యాయాన్యాయములు దానిపై నాధారపడియున్నవి.

నిత్యానుభవమునుండియే ప్రారంభింతము. నడిరేయి టెలిఫోను మ్రోగును. నిద్రలోనున్నవాడు దిగ్గున లేచును. గుండె దడదడ కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, నోరెండును. పిలిచినవారెవరో, చెప్పబోవునదేమో ఇంకను తెలియదు. అయినను దేహము తన పని తాను ముగించినది. పురిటికి పోయిన కూతురు సుఖముగా ప్రసవించినదని వార్త యనుకొందము. "ఎంత సంతోషమో, గుండె నిలువలేదు" అని మరునాడు పదిమందితో చెప్పుకొందుము. మరణవార్తయైనచో ఆ దడయే దుఃఖమునకు తొలిమెట్టగును. ఎవడో త్రాగినవాడు తప్పు నంబరునకు పిలిచెనని తేలినచో ఆ దడయే కోపమై, వాడు ఫోను పెట్టివేసిన పిమ్మట గూడ చల్లారక, ప్రక్కనున్న ఇల్లాలిపై "దీనిని తలాపున పెట్టవద్దని ఎన్నిమార్లు చెప్పితిని?" అని విరుచుకొనిపడును. మూడు సందర్భములందును తొలుత దేహములో జరిగినది ఒకటియే. పేరు మాత్రము తరువాత పెట్టినది.

పేరు పెట్టకమునుపు అక్కడ నున్నదేమి? ఈ ప్రశ్నను నేటి మనశ్శాస్త్రములో గట్టిగా నాటినవాడు విలియం జేమ్సు. 1884 లో 'మైండ్' అను పత్రికలో అతడు ప్రకటించిన వ్యాసము లోకజ్ఞానమును తలక్రిందులు చేసెను. ఎలుగుబంటిని చూచి భయపడుదుము, భయపడి పరుగెత్తుదుము అని లోకమనును. అట్లు కాదు, చూచినంతనే దేహము వణకి పరుగందుకొనును, ఆ కలతను మనము లోన నెరుగుటయే భయము అని జేమ్సు మతము. మరుసటియేట డెన్మార్కు దేశపు వైద్యుడు కార్ల్ లాంగె దాదాపు ఇట్టి సిద్ధాంతమునే వేరుగా ప్రకటించి, రక్తనాళములలోని మార్పులకు ప్రాధాన్యమిచ్చెను. జేమ్సు చూపిన యుక్తి బలమైనది: భయమునుండి గుండెదడను, వణకును, ఊపిరి బిగపట్టుటను, కడుపులోని కలతను ఒక్కొక్కటిగా తీసివేసి చూడుడు. మిగులునది "ఇచ్చట అపాయమున్నది" అను చల్లని తీర్పు. అది భయము కాదు, సమాచారము.

దీనికి ఎదురు చెప్పినవాడు అదే హార్వర్డు విశ్వవిద్యాలయమున శరీరశాస్త్రాచార్యుడైన వాల్టర్ కానన్. 1927 లో అతడు లేవదీసిన యాక్షేపణలలో మనకు ముఖ్యమైనది ఇది. కోపమునందు వేగముగా కొట్టుకొను గుండె భయమునందును అట్లే కొట్టుకొనును. జ్వరమునందును, చలియందును గూడ దేహములో ఇట్టి మార్పులే కలుగును. గుర్తులు కలిసిపోవుచుండగా, దేహమును జూచి మాత్రమే "ఇది కోపము, ఇది భయము" అని మనము విడదీయుటెట్లు?

కానన్ చూపిన సాక్ష్యములలో నొకటి స్పెయిను దేశమునుండి వచ్చినది. మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులుండును. అపాయమెదురైనప్పుడు వానినుండి రక్తములోనికి దిగు ద్రవ్యమే అడ్రినలిన్. దానిని స్ఫటికరూపమున వేరుచేసినట్లు జపాను రసాయనశాస్త్రజ్ఞుడు తకమినె 1901 లో ప్రకటించెను. అటుపై అది సూదిమందుగా దొరకసాగెను. మాడ్రిడ్ నగర వైద్యుడు గ్రెగోరియో మరాన్యోన్ దానిని 210 మందికి ఇచ్చి, వారికెట్లున్నదో అడిగి, 1924 లో ఫలితమును ప్రకటించెను. పదింట ఏడుగురు దేహములోని మార్పులను మాత్రమే చెప్పిరి: గుండె కొట్టుకొనుచున్నది, చేతులు వణకుచున్నవి. మిగిలినవారిలో పెక్కుమంది చెప్పిన మాట చిత్రమైనది. "భయపడినట్లున్నది", "ఏడ్పు వచ్చునట్లున్నది, ఎందులకో తెలియదు" అనిరి. భయము కాదు, భయమువంటిది. ఇల్లు కట్టిరి గాని అందెవరును కాపురమునకు రాలేదు. నిజముగా దుఃఖపడినవారు కొద్దిమంది కలరు. వారితో వైద్యుడు చనిపోయిన తల్లిదండ్రులను గూర్చియో, జబ్బుగా నున్న బిడ్డలను గూర్చియో సంభాషించెను. సూదికి ముందు అదే సంభాషణమును వారు నిబ్బరముగా వినియుండిరి. మందు నెత్తురులో తిరుగుచుండగా అదే మాట కంట నీరు తెప్పించెను.

ఈ ప్రయోగమును మేము మొదట చదివినప్పుడు పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చుంటిమి. సూదిమందులో దుఃఖము లేదు. ఆ సంభాషణములోను, అది యొంటరిగా నున్నప్పుడు, కన్నీరు తెప్పించునంత బలము లేదు. రెండును కలిసినప్పుడే దుఃఖము పుట్టినది. సున్నమును పసుపును వేరువేరుగానున్నప్పుడు ఎరుపెక్కడిది? కలిపినప్పుడు గదా పారాణి!

1962 లో అమెరికాలోని స్టాన్లీ షాక్టర్, జెరోమ్ సింగర్ అను నిరువురు ఈ కలయికను పరీక్షకు పెట్టిరి. మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థులు 180 మందికి పైగా అందు పాల్గొనిరి. కంటిచూపుపై నొక విటమిను పనిచేయు తీరును పరీక్షించుచున్నామని చెప్పి కొందరికి అడ్రినలిన్, కొందరికి వట్టి ఉప్పునీరు సూదితో నిచ్చిరి. అడ్రినలిన్ పొందినవారిలో కొందరికి "గుండె వేగమగును, చేతులు వణకును" అని నిజము చెప్పిరి, కొందరికేమియు చెప్పలేదు, మరికొందరికి కాళ్లు తిమ్మిరెక్కునని, దురద పుట్టునని తప్పు చెప్పిరి. పిమ్మట ఒక్కొక్కనిని ఒక గదిలో కూర్చుండబెట్టిరి. అచ్చట తోటి విద్యార్థివలె నటించు నొకడుండెను. కొందరి యెదుట వాడు కాగితముల విమానములు చేసి యెగురవేయుచు చిన్నపిల్లవానివలె గంతులు వేసెను. మరికొందరి యెదుట, ఇంటి మర్యాదకు భంగము కలిగించు ప్రశ్నలున్న పత్రమును నింపుచు విసుగుకొని, మండిపడి, తుదకు దానిని చించి పారవైచెను.

నిజము చెప్పబడినవారు తమ గుండెదడకు కారణమెరిగినవారు. "ఇది సూది ప్రభావము" అని యూరకుండిరి. ప్రక్కవాని వెర్రి వారికంతగా సోకలేదు. కారణమెరుగనివారు మాత్రము ఎదుట కనబడిన దానిని కారణముగా పట్టుకొని, సంతోషించువానితో సంతోషమునకును, మండిపడువానితో కోపమునకును ఎక్కువగా మ్రొగ్గిరి. దేహక్షోభము కలిగి, దానికి కారణము తెలియనప్పుడు మనస్సు చుట్టును వెదకి ఒక కారణమును తెచ్చుకొని, దానినిబట్టి భావమునకు పేరు పెట్టునని వారి సిద్ధాంతము.

ఈ ప్రయోగమును వేదవాక్యముగా గైకొనరాదు. ఉప్పునీటి సూది పొందినవారికిని కారణమెరుగనివారికిని మధ్య ఆశించినంత భేదము కనబడలేదు. 1979 లో వేరువేరుగా ఈ పరీక్షను తిరిగి చేయబూనిన పండితులకు అట్టి ఫలితము రాలేదు. కారణము తెలియని గుండెదడ సంతోషమువైపునకన్న అసౌఖ్యమువైపునకే ఒరగుచుండుట వారికి కనబడెను. అంతవరకు జరిగిన పరిశోధనలనెల్ల 1983 లో సమీక్షించిన రైజెన్‌జైన్ అను జర్మను పండితుడు సిద్ధాంతములోని పెక్కు భాగములకు ఆధారము చాలదనెను. కాని ఒక భాగము నిలిచినదని అతడే యొప్పుకొనెను: ఒకచోట పుట్టిన దేహక్షోభమును మనము పొరపాటున వేరొకదానికి అంటగట్టినచో ఆ రెండవదానిపైని భావము ఇనుమడించును. మాకు వలసినది ఈ నిలిచిన భాగమే.

1974 లో కెనడాలోని వాంకూవరు నగరమునకు సమీపమున కాపిలానో నదిపై వ్రేలాడు వంతెన దాటిన యువకులను గూర్చి డటన్, ఆరన్ అనువారు ప్రకటించినదియు ఇట్టిదే. నదికి 230 అడుగుల యెత్తున ఊగులాడు ఆ వంతెనపై ఒక యువతి వారిని ఆపి కొన్ని ప్రశ్నలడిగి, సందేహములున్నచో పిలువుడని తన ఫోను నంబరునిచ్చెను. పుచ్చుకొనిన 18 మందిలో 9 మంది పిమ్మట ఆమెను పిలిచిరి. ఊగని, ఎత్తులేని వేరొక వంతెనకడ నంబరు పుచ్చుకొనిన 16 మందిలో పిలిచినవారిద్దరే. వంతెన పుట్టించిన దడను కొందరు యువతి ఖాతాలో వ్రాసికొనిరన్నమాట! కొట్లాటయో, తుపానో లేక ప్రేమ పుట్టని మన సినిమాలు చేయువారికి ఈ సంగతి ఎవరును చెప్పకయే తెలిసినట్లున్నది.

ఇక మన దేశపు సంగతి. పాశ్చాత్యులు కనుగొనినదెల్ల మన ఋషులెరిగినదే యను వెర్రి మాకు లేదు. భరతుడు నాట్యశాస్త్రమున చెప్పినది రంగస్థలమును గూర్చి, నెత్తురును గూర్చి కాదు. అయినను భావములను రంగమున పుట్టింపవలసినవాడు వానిని విడదీసి చూడకతప్పదు. ఏడవ అధ్యాయమున అతడు స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అని యెనిమిది సాత్త్వికభావములను చెప్పి, ఒక్కొక్కటి యే కారణములవలన పుట్టునో వివరించెను. కన్నీరు ఆనందమువలనను, కోపమువలనను, శోకమువలనను పుట్టును. పొగవలనను, కాటుకవలనను, ఆవులింతవలనను గూడ పుట్టును. చెమట కోపమునకును, భయమునకును, సిగ్గునకును పట్టును. ఎండకును, శ్రమకును, రోగమునకును గూడ పట్టును. గుర్తొకటి, కారణములు పది. కన్నీటిని మాత్రము చూచి ఇది శోకమని ప్రేక్షకుడు తేల్చుకొనలేడు గనుకనే ఎదుట విభావము నుంచవలెనని, అనగా దేనినిగూర్చి కన్నీరో చూపవలెనని, ఆ శాస్త్రము విధించినది.

రంగస్థలమున ఈ జాగ్రత్త తీసికొను మనము ఇంటిలో ఏల తీసికొనము?

"అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు" అను సామెత ఎరుగనివారెవరు? దానిలోని హాస్యమునకు నవ్వి ఊరకుందుము గాని, అందొక క్రూరసత్యమున్నది. దుత్త మాటాడదు. సాయంకాలము కచేరినుండి వచ్చు గృహస్థుని తలచుకొనుడు. పగలెల్ల పై యధికారి మాటలు దిగమ్రింగెను. ఎండలో బస్సులో గంటసేపు నిలుచుండి వచ్చెను. కడుపులో ఆకలి, ఒడలంత చెమట. గడప దాటునప్పటికి అతని గుండె వేగముగా కొట్టుకొనుచునే యున్నది, కాని ఆ సంగతి అతడెరుగడు. లోపల పిల్లవాని చేతినుండి గ్లాసు జారిపడును. అంతే. బస్సు, ఎండ, అధికారి, ఆకలి అందరును కలిసి చేసిన అప్పునకు పిల్లవాడు జామీనగును. 1972 లో డాల్ఫ్ జిల్మన్ అను మనశ్శాస్త్రజ్ఞుడును అతని సహచరులును వ్యాయామమువలన కలిగిన దేహక్షోభము తరువాతి పగకు ఎట్లు తోడ్పడునో పరీక్షించిరి. సైకిలువంటి యంత్రమును త్రొక్కించిన పిమ్మట, తమ్ము రెచ్చగొట్టినవానిపై పగ తీర్చుకొను అవకాశమిచ్చినచో, త్రొక్కినవారు త్రొక్కనివారికన్న తీవ్రముగా తీర్చుకొనిరి. కాలి కండరములు పుట్టించిన వేడి కోపము పద్దులో చేరినది.

"ఇట్లైనచో గృహస్థుడు మరింత నిర్దోషి గదా! పాపము, అతని దేహమే అతనిని మోసగించినది" అని కొందరనవచ్చును. మేమట్లు తలపము. ఒకటి గమనింపుడు. జ్వరమైనచో అధికారి యెదుటను వచ్చును, ఇంటిలోను వచ్చును. ఈ "వచ్చెడు" కోపము మాత్రము పై యధికారి బల్లయెదుట ఎన్నడును రాదు. వచ్చినను చేయి లేవదు. పోలీసుదారోగాను చూచి రాదు. బలవంతుడైన పొరుగువానిపై రాదు. ఎదురు చెప్పలేనివారు దొరకినప్పుడే దానికి దారి తెలియును! ఇంత లౌక్యమెరిగిన దానిని జ్వరముతో పోల్చుటెట్లు? గుండె కొట్టుకొనుట దేహధర్మము. ఆ దడకు కారణము వీడేయనుట, ఇచ్చట చూపినచో నష్టములేదని లెక్కవేయుట తలపుయొక్క పని. ఆ లెక్క క్షణములో జరుగుటవలన లెక్కయే లేదనుకొందుము. అలవాటైన వర్తకుడు వ్రేళ్లు మడవకయే బేరము తేల్చును. అంతమాత్రమున అతడు లెక్కింపలేదందుమా?

రోము నగర తత్త్వవేత్త సెనెకా కోపమును గూర్చి వ్రాసిన గ్రంథమున తొలి అదటునకును కోపమునకును భేదము చెప్పెను. ఒడలు ఉలికిపడుట మన చేతిలో లేదు; "నాకు అన్యాయము జరిగినది, పగ తీర్చుకొనదగును" అని మనస్సు ఒప్పుకొనినప్పుడే అది కోపమగును. భగవద్గీత రెండవ అధ్యాయమున నాశమునకు దిగు మెట్లు చెప్పబడినచోట కూడ తొలిమెట్టు విషయమును మరల మరల తలపోయుట. కోపము దానికి క్రింది మెట్టు. మన న్యాయస్థానములును ఈ తేడా నెరుగును. హఠాత్తుగా తీవ్రముగా రెచ్చగొట్టబడి, తన్నుతాను నిలుపుకొనలేక చంపినవానికి 1860 నాటి శిక్షాస్మృతి కొంత మినహాయింపునిచ్చెను; 2024 జూలైనుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఆ మినహాయింపును నిలిపినది. నౌకాదళాధికారి నానావతి 1959 ఏప్రిలులో బొంబాయిలో తన భార్య ప్రియుని కాల్చిచంపిన యభియోగమున అదే వాదము వచ్చెను. ఆ దినమున భార్య తప్పొప్పుకొనిన పిమ్మట అతడు ఆమెను, పిల్లలను సినిమాకు దిగవిడిచి, ఓడకు పోయి, వేరొక నెపముతో తుపాకి సంపాదించి, ఆ వ్యక్తిని వెదకుచు పోయెను. 1961 లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివైచెను. ఇల్లు వెడలినది మొదలు సుమారు మూడుగంటలు గడచినవి, మనస్సును నిలుపుకొనుటకు ఆ కాలము చాలునని ధర్మాసనము తీర్పు. దేహపు వేడి చల్లారిన తరువాత మిగులునది తలపు పెంచిన వేడియని న్యాయమూర్తుల భావముగా మేము గ్రహించితిమి.

కోపమును విడిచి వేరొక భావమును చూతము. ఏవగింపు. ఒక కులమువాని చేతినీరు త్రాగుటకు తమకు "కడుపులో త్రిప్పును" అని చెప్పినవారిని మేమెరుగుదుము. బయలుదేరునప్పుడు వితంతువు ఎదురైనచో "గుండె గుభేలుమన్నది" అనువారు నేటికిని కలరు. వారు అబద్ధమాడుట లేదు. నిజముగానే కడుపు త్రిప్పును, నిజముగానే గుండె గుభేలుమనును. చిక్కంతయు ఈ నిజములోనే యున్నది. "నా దేహమే చెప్పుచుండగా ఇది తప్పుడాచారమెట్లగును?" అని వారు దేహమును సాక్షిగా పిలుతురు. ఆ సాక్షికి పాఠము చెప్పినదెవరు? రెండేండ్ల పిల్లవాడు ఎవరి చేతినీరైనను గుటగుట త్రాగును, వితంతువైన అవ్వ ఒడిలోనే నిద్రపోవును. "ఛీ" యను మాటను, మొగము ముడుచు తీరును పదేండ్లు చూచిన పిమ్మటనే వాని కడుపు త్రిప్పుట నేర్చును. తలపు నేర్పిన పాఠమును దేహము అప్పగించుచుండగా, విని "అహో, ప్రకృతి పలికినది" అని తలపే తలయూపును. 1950 లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17 వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసెను. కడుపులను రద్దుచేయు అధికారము దానికి లేదు. అది మన యిండ్లలో జరుగవలసిన పని.

ఇంతవరకు చెప్పినదానిని తప్పుగా వాడుకొనువారును కలరని మరువరాదు. మాకు ఎక్కువ దిగులు గొలుపునది ఇదియే. కోపములో దేహము పాలున్నదనగానే కొందరు ఆ పాలును బలహీనుల కోపమునకే అంటగట్టుదురు. యజమాని కోపించినచో కారణము వెదకుదురు: ఎవరేమనిరో, ఏ పని చెడినదో. ఇల్లాలు కోపించినచో కారణమడుగరు. ఒంట్లో బాగులేదందురు, నెలసరియందురు, ఉపవాసమందురు, నిద్ర చాలలేదందురు. యూరపు వైద్యులు స్త్రీల కలతకు శతాబ్దములపాటు పెట్టిన హిస్టీరియా యను పేరు గ్రీకు భాషలో గర్భాశయమునకు పేరైన మాటనుండి పుట్టినదే! స్త్రీ చెప్పు మొరకు ఆమె గర్భాశయము చాలిన సమాధానమన్నమాట. అమెరికా మానసికవైద్యుల సంఘము తన రోగముల పట్టికనుండి ఆ పేరును 1980 లో తొలగించెను. పేరు పోయినను తీరు పోలేదు. "పేదవాని కోపము పెదవికి చేటు" అని మన సామెత. పేదవాని కోపము న్యాయమా, అన్యాయమా అని ఆ సామెత అడుగనే అడుగదు.

మా సిద్ధాంతము అట్లు ఒకవైపునకే కోయు కత్తి కాదు. ప్రతి కోపమునందును దేహమున్నది, రాజు కోపమునందును దాసి కోపమునందును. కావున దేహమున్నదని చూపినంతమాత్రమున ఏ కోపమును కొట్టివేయరాదు, ఏ కోపమును క్షమింపరాదు. చూడవలసినది రెండవ పాలు: "దీనివలన నాకు అన్యాయము జరిగినది" అను తలపు నిజమా, కాదా? గ్లాసు జారవిడిచిన పిల్లవాని విషయమున అది అబద్ధము. ఆకలితోనున్న కోడలు "నన్ను అందరికన్న కడపట తినుమందురు" అని కోపించినచో, ఆకలి ఆ కోపమును పెంచియుండవచ్చును గాని, ఆమె చెప్పినది నిజమే. అన్నము పెట్టినచో దడ తగ్గును, నిజము తగ్గదు.

మన తెలుగులో "కడుపుమంట" అను నొక్క మాట అజీర్తికిని, అసూయకును, అన్యాయమును చూచి కలుగు వేదనకును చెల్లును. మాట యొకటే గనుక వినువాడు తనకు సుఖమైన యర్థమును ఏరుకొనును.

మా బంధువులలో నొక పెద్దామె పండ్రెండేండ్లు గుండెదడతో బాధపడెను. పట్టణమునకు తీసికొనిపోయి అన్ని పరీక్షలును చేయించిరి. గుండెలో లోపము లేదనిరి. దడ ఎప్పుడు వచ్చునో ఎవరును ఎంచి చూడలేదు. ఆమె మనుమరాలు, డిగ్రీ చదువుచున్న పిల్ల, సెలవులకు వచ్చి అవ్వ ప్రక్కన పండుకొనుచు, ఒక రాత్రి ఊరక అడిగినది: "అవ్వా, నీకిది మొదట ఎప్పుడు వచ్చినదే?" ఆమె చాలసేపు పలుకలేదు. పిమ్మట, పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన ఎకరమున్నర మాగాణి సంగతి చెప్పెను. బ్యాంకు కాగితమని చెప్పి కొడుకులు ఆమె వ్రేలిముద్ర తీసికొనిరి. ఆ పొలము అమ్ముడుపోయినట్లు మరుసటి కోతలనాడు కూలివాని నోట విన్నది. ఆ పూటయే మొదటి దడ. నాటినుండి పెద్దకొడుకు గుమ్మములో చెప్పులు విడిచిన చప్పుడు వినబడినప్పుడెల్ల వచ్చుచున్నది. ఇన్నాళ్లును అది వయస్సువలన వచ్చిన జబ్బనుకొన్నది. అందరును అట్లే చెప్పిరి. "భయమా అవ్వా?" అని పిల్ల అడిగెను. "భయము కాదే," అని లేచి కూర్చుండి, "కోపము" అనెను.

పొలము తిరిగి రాలేదు. దడ తగ్గినదో లేదో మేమడుగలేదు. అటుపిమ్మట ఎవరే కాగితము తెచ్చినను మనుమరాలిచే మొదటినుండి తుదివరకు చదివించుకొని వినక ఆమె వ్రేలు ముందుకు చాపలేదని మాత్రము ఎరుగుదుము.